పాఠకుల సందేహాలు: కడుపు నిండినా పిల్లి ఎందుకు వేటాడుతుంది?

ప్రశ్న: మా పిల్లికి రెండు పూటలా పాలన్నం, జాలర్లు తెచ్చే కవళ్లు పెడుతున్నాం. అయినా వారానికోసారి గోరింకనో తొండనో పట్టి తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. తినదు, కొనప్రాణంతో ఉన్నదానితో అరగంట ఆడుతుంది. మేము పెట్టే తిండి చాలడం లేదా? మెడకు గంట కడితే పక్షులు తప్పించుకుంటాయా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: మీరు పెట్టే తిండి పరిమాణానికి, ఆ గోరింక చావుకు ఉన్న సంబంధం మీరనుకున్నంత లేదు. ఎలుకో పిట్టో దొరికేది ఎన్నో ప్రయత్నాలకు ఒకసారి గనుక, ఆకలి వేసేదాకా ఆగి అప్పుడు బయలుదేరే పిల్లి పస్తులుండవలసి వస్తుంది. అందుకే కదలిక కంటపడితే చాలు, కడుపు నిండి ఉన్నా దాని ఒళ్లు వేటకు సిద్ధమవుతుంది. 1976లో ఆడమెక్ అనే పరిశోధకుడు, ఇష్టమైన తిండి తింటున్న పిల్లుల ముందుకు ఎలుకను వదిలితే, అవి తిండి ఆపి ఎలుకను చంపి, దాన్ని గిన్నె దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ గిన్నెలోని తిండే తిన్నాయి.

పిట్టగోడ మీద గోరింక వాలినప్పుడు మీ పిల్లిని గమనించండి. పొట్ట నేలకు ఆనించి, కళ్లు తిప్పకుండా, తోక కొస మాత్రం ఆడిస్తూ పాకుతుంది. దూకేముందు వెనక కాళ్లను అటూఇటూ కదిపి నేల పట్టు చూసుకుంటుంది. ముక్కుకు జానెడు దూరంలో ఉన్నది దాని కళ్లకు స్పష్టంగా కనబడదు గనుక, చివరి క్షణంలో మీసాలను ముందుకు చాచి ఎర ఎటు తిరిగి ఉందో తెలుసుకుని, మెడ వెనక వెన్నుపూసల మధ్య కోరలు దించుతుంది.

అయితే ఆ కాటుకు ముఖాన్ని ఎర దగ్గరికి తీసుకుపోవాలి. ఎలుక తిరగబడి కరిస్తే కన్నే పోవచ్చు. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ చెలగాటంలో పిల్లి భయం కూడా కొంత ఉంది. ఎర పెద్దదైనా, తన ఆకలి తక్కువగా ఉన్నా, పంజాతో తట్టడం, వదిలి పట్టడం ఎక్కువవుతుంది; బాగా ఆకలిగా ఉన్న పిల్లి అంతసేపు ఆడదు, చంపేస్తుంది. అందువల్ల దాన్ని క్రూరత్వమని నేను అనలేను.

ఇక ఉపాయాలు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశీలనలో, మాంసకృత్తులు అధికంగా ఉన్న మాంసాహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం, రోజూ ఐదు నుంచి పది నిమిషాలు ఆడించిన వాటి వేట 25 శాతం తగ్గాయి. గంట విషయంలో పాత పరిశీలనలు కొంత మేలు చూపినా, ఇందులో చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. కథలోని ఎలుకల సభలో పిల్లి మెడకు గంట కట్టేవారు దొరకలేదు. ఇక్కడ కట్టినా ఫలితం అంతంతమాత్రమే. మీరు పాలన్నం తగ్గించండి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి, పైగా పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. సాయంత్రం తాడుకు ఈక కట్టి కాసేపు ఆడించి, వెంటనే ఉడికించిన మాంసం పెట్టండి. తెల్లవారుజామున, మునిమాపువేళ తలుపు వేసి ఉంచితే గోరింకలకు అన్నిటికన్నా ఎక్కువ మేలు.

ప్రశ్న: పందికొక్కుల బాధ పడలేక బియ్యం కొట్టులోకి పిల్లిని తెచ్చాం. అది వాటిని చూస్తూ కూర్చుంటోంది. లోపం పిల్లిదేనా?
– ఒక వ్యాపారి, పూర్ణా మార్కెట్ ప్రాంతం

జవాబు: పిల్లిని తప్పుపట్టకండి. న్యూయార్కులో ఒక చెత్త శుద్ధి కేంద్రంలోని పెద్ద ఎలుకలను 79 రోజులు కెమెరాలతో గమనిస్తే, అక్కడి పిల్లులు చంపినవి రెండే. పిల్లి తిరిగినప్పుడు ఎలుకలు బయటికి రావడం మాత్రం తగ్గింది. ఈ సంగతి 2018లో వెలువడింది. పందికొక్కు అంతకన్నా మొండిది, చుంచెలుకలా చిక్కదు. బస్తాలను గోడకు జానెడు ఎడంగా చెక్కబల్లల మీద పేర్చి, కన్నాలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయించి, తూము నోటికి ఇనుప జల్లెడ బిగించండి.