పీకో మిషన్ డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఫోన్‌లో ప్రకటన చూసి మోటార్ ఉన్న పీకో మిషన్‌కు ఆర్డర్ పెట్టాను. అడ్వాన్స్ రూ.2,000 యూపీఐలో, మిగతా రూ.16,500 క్రెడిట్ కార్డుతో కట్టాను. తీరా వచ్చింది మామూలు కుట్టు మిషన్. మూడు వారాలుగా ‘వచ్చే వారం రీఫండ్’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ ‘వచ్చే వారం’ కోసం ఇంక ఎదురుచూడకండి. కార్డు డబ్బు అడగడానికి గడువుంది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఇలాంటి ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజులు. అమ్మేవాళ్లు తీయగా మాట్లాడుతూ ఆ రోజులు గడిపేస్తుంటారు.

ముందు రూ.16,500 సంగతి. మీ బ్యాంకు యాప్‌లోనో, కస్టమర్ కేర్ ద్వారానో చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) కోరండి. ఫారంలో చాలామంది కోపంలో ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అని టిక్ పెడతారు. ఓటీపీ కొట్టింది మీరే కదా, ఆ మాట నిలవదు. ‘వచ్చిన వస్తువు చెప్పినట్టు లేదు’ అన్న కారణమే ఎంచుకోండి. దాంతోపాటు ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, వచ్చిన మిషన్ ఫొటోలు, పెట్టె మీది కొరియర్ స్టిక్కర్ ఫొటో జత చేయండి. అన్నిటికంటే ముఖ్యం, ‘మిషన్ తీసుకెళ్లి డబ్బు ఇవ్వండి’ అని అమ్మినవాళ్లకు ఈరోజే మెయిల్ పెట్టి, దాని కాపీ కూడా ఇవ్వండి. వెనక్కి ఇవ్వడానికి మీరు సిద్ధపడ్డారని చూపకపోతే కేసు బలహీనపడుతుంది. అందాకా ఆ మిషన్ మీద ఒక్క కుట్టు కూడా వేయొద్దు.

బ్యాంకు ఈ కాగితాలను అమ్మినవాళ్ల బ్యాంకుకు పంపుతుంది. వాళ్లు ఎదురు వాదించొచ్చు. మధ్యలో మీ ఖాతాలో తాత్కాలికంగా డబ్బు జమ అయితే సంబరపడి ఖర్చు పెట్టకండి, ఓడిపోతే మళ్లీ తీసేసుకుంటారు. గొడవ నడుస్తోందని కార్డు బిల్లు మొత్తం ఆపేయొద్దు. గొడవ తేలేదాకా ఆ రూ.16,500 వసూలు చేయకుండా పక్కన పెడతారా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే కట్టేయండి, వడ్డీ భారం మీకెందుకు? బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

రూ.2,000 మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. యూపీఐలో పిన్ కొట్టి మీరే పంపారు. డబ్బు కట్ అయి అవతలికి చేరకపోతే యాప్‌లో ఫిర్యాదు చేస్తే పని అవుతుంది. చేరాక సరుకు బాగా లేదంటే వెనక్కి లాగడానికి కార్డుకున్నంత దారి లేదు. 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అక్కడా తేలకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ధర రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ‘వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారు కారు’ అని వాళ్లు అడ్డం తిరగొచ్చు. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే. ఇంట్లో మీరే కూర్చుని కుడుతున్నారన్న మాట ఫిర్యాదు మొదట్లోనే రాయండి.