మా అమ్మని స్కూల్లో మాట్లాడొద్దన్నాను

"బడి రోజుల్లో ఇంట్లోవాళ్ళ విషయంలో మీరు చేసిన ఏ పని ఇప్పటికీ బాధపెడుతోంది?" అని అడిగారు. నేను ఏడో తరగతిలో మా అమ్మని స్కూల్లో నోరు విప్పొద్దన్నాను. అదే.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి వైపు పల్లె. నాన్న పోర్టులో కాంట్రాక్టు పనికి విశాఖ వస్తే, మల్కాపురంలో రేకుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆరో తరగతిలో నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు. మొదటి పేరెంట్స్ మీటింగులో అమ్మ టీచరుగారిని "మా గుంట ఎలగ సదువుతందండీ?" అని అడిగింది. మా వైపు గుంటంటే పిల్ల. క్లాసులో వాళ్ళకి మాత్రం రోడ్డు మీద పడే గొయ్యి. ఆ ఏడాదంతా నేను నడిచొస్తుంటే "గుంట, చూసి నడవండి" అని పక్కకి జరిగేవారు.

మరుసటి ఏడు మీటింగుకి ముందు రాత్రి అమ్మతో అన్నాను: "సంతకం పెట్టి వచ్చెయ్, ఏమీ అడక్కు." అప్పటికే నేను ఇంట్లో కూడా "ఏటి" మానేసి "ఏంటి" అంటున్నాను. అమ్మ కోప్పడలేదు. మర్నాడు పెట్టెలో దాచుకున్న చీర కట్టుకొచ్చి, టీచరుగారు చెప్పిందంతా విని, తలూపి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ మాట దాచి ఈ జవాబు రాయలేను.

ఆ ఏడే హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా రేకులు రెండు ఎగిరిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడక నీళ్ళూ లేవు. ట్యాంకరు వస్తే వీధి వీధంతా ఒకరినొకరు తోసుకోవడమే. ఒకరోజు అమ్మ వెళ్ళి బిందెలన్నీ వరసలో పెట్టించింది. "ముసిలోళ్ళకి ముందు పొయ్యండి, తోస్తారేటి!" అని అరిస్తే మేడల్లో వాళ్ళు కూడా మాట్లాడకుండా వరసలో నిలబడ్డారు. ఇంత గొంతున్న మనిషి స్కూల్లో తలూపి ఊరుకుందా అని ఆ రోజు తట్టింది. అయినా ఏమీ అనలేదు నేను.

టెన్త్ అయిపోయింది. ఇంటర్ మొదటి ఏడాది, ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన మా జిల్లా ఆయనే. జనం నోట ఉన్న తెలుగే పుస్తకాల్లోకీ రావాలని పోరాడినాయన, సవరలనే గిరిజనుల భాషని వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకున్నాయన. మా తెలుగు సారు ఆ సంగతి చెప్పి, ఇంట్లో తప్ప బయట వినని మాట ఒకటి చెప్పమన్నారు. నేను "బేగి" అన్నాను. అంటే తొందరగా అని. ఆయన బోర్డు మీద రాసి, "వేగం నుంచి వచ్చింది, పాత మాట. ఇంకోటి చెప్పు" అన్నారు.

ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు తీశాను. అమ్మ బియ్యం ఏరుతూ చెబుతుంటే రాసుకున్నాను. రాగులంటే చోళ్ళు, సజ్జలంటే గంట్లు. మొదట్లో అమ్మ అనుమానంగా చూసింది, దీంతో మళ్ళీ ఏం మెలిక పెడుతుందో అన్నట్టు. తర్వాత్తర్వాత తనే పిలిచి చెప్పేది.

ఒకరోజు "కంబారి" అంది. ఏడాదికింత ధాన్యం అని మాట్లాడుకుని భూస్వామి ఇంట్లో పని చేసే పాలేరు. భూస్వామిని బుగత అంటారు. మా తాత కంబారి అని నాకు అప్పటివరకు తెలీదు. అమ్మ చిన్నప్పుడు తాతకి అంబలి పట్టుకెళ్ళేదట. "బుగత అరుగు మీదుంటే మనం నోరెత్తకూడదు. మీ తాత ముందే సెప్పీవోడు, ఏటీ అడక్కు, గిన్నె అక్కడెట్టీసి వచ్చీ అని."

నా పెన్ను ఆగిపోయింది. అమ్మకి ఆ మీటింగు గుర్తొచ్చిందో లేదో తెలీదు, బియ్యం ఏరుకుంటూనే ఉంది. అప్పుడు అడిగాను, "అమ్మా, ఆ రోజు నేను అలా అన్నందుకు..." అని. "సిన్నపిల్లవి, ఏటి తెలుస్తాది" అంది.

ఇప్పుడు మేమిద్దరం ఆర్టీసీ బస్సులో కూడా మా యాసలోనే మాట్లాడుకుంటాం. కానీ నా కాలేజీ స్నేహితులు ఇంటికొస్తే అమ్మ టీలు ఇచ్చి, నవ్వి, వంటగదిలోకి వెళ్ళిపోతుంది. కూర్చోమన్నా కూర్చోదు. కాలేజీ నుంచి ఫోనొస్తే నా చేతికిచ్చేస్తుంది, "నువ్వే మాటాడు" అని.