ఆల్ఫా ప్రోటోకాల్‌కు రెండో భాగం రావాలా?

ఇన్ని లోపాలున్న ఆల్ఫా ప్రోటోకాల్‌కు రెండో భాగం నిజంగా అవసరమా అని అడిగారు. అవసరమే. ఎందుకంటే ఆ గేమ్‌లో చెడిపోయినవన్నీ బాగుచేయగలిగినవే. బాగున్నది మాత్రం ఆ తర్వాత వచ్చిన ఏ గేమ్‌లోనూ నాకు ఆ స్థాయిలో దొరకలేదు.

తెలియనివాళ్లకు చెప్తాను. అబ్సిడియన్ అనే స్టూడియో తయారుచేస్తే సెగా కంపెనీ 2010లో విడుదల చేసిన గూఢచారి ఆర్‌పీజీ ఇది, అంటే పాయింట్లతో మన పాత్రకు విద్యలు పెంచుకుంటూ, మన నిర్ణయాలతో కథ నడిపే గేమ్. మైకేల్ థార్టన్ అనే ఏజెంట్‌గా ఆడతాం. సౌదీలో మొదలవుతుంది. తర్వాత రోమ్, మాస్కో, తైపేలలో ఏది ముందో ఏది వెనకో మన ఇష్టం.

లోపాలు లేవని నేనననూ, వాటిని వెనకేసుకురానూ. గురి సరిగ్గా తలకే పెట్టినా, స్కిల్ తక్కువుంటే తూటా పక్కకు పోతుంది. హ్యాకింగ్ చేయాలంటే గిరగిరా మారిపోయే అంకెలూ అక్షరాల మధ్య రెండు కోడ్‌లు పట్టుకోవాలి. పీసీలో మౌస్‌తో అది నరకం. అన్నిటికంటే ఘోరం మాస్కోలో బ్రేకోతో ఫైట్. పాయింట్లన్నీ చాటుగా కదిలే విద్యలకే పెట్టుకుని అక్కడిదాకా వచ్చాను. తీరా చూస్తే కత్తి పట్టుకుని మీదికి దూకే విలన్‌తో ముఖాముఖి తలపడాల్సిందే, ఇంకో దారి లేదు. మన ఇష్టప్రకారం ఆడుకోమని చెప్పిన గేమ్ అక్కడ మాట తప్పింది.

అయినా దాన్ని మళ్లీ మళ్లీ ఆడింది సంభాషణల కోసం. ఎదుటి మనిషి మాట్లాడుతుండగానే కింద టైమర్ గీత కరిగిపోతూ ఉంటుంది. అది అయిపోయేలోపు జవాబు ఎంచుకోవాలి. పూర్తి వాక్యం కనబడదు, ఏ ధోరణిలో మాట్లాడాలో మాత్రమే కనబడుతుంది. కొంటెగానా, పద్ధతిగానా, దురుసుగానా? మామూలు ఆర్‌పీజీల్లోలా అన్ని ప్రశ్నలూ వరసగా అడిగి సమాచారం లాగడం ఇక్కడ కుదరదు. ఆ టెన్షన్‌లో నోరు జారితే జారినట్టే.

పైగా ప్రతి మాటకూ లెక్క ఉంటుంది. సౌదీలో షహీద్ అనే ఉగ్రవాద నాయకుడు చేతికి చిక్కుతాడు. చంపొచ్చు, అరెస్టు చేయొచ్చు, వదిలేయొచ్చు. వదిలేస్తే హాల్‌బెక్ అనే ఆయుధాల కంపెనీ గుట్టు అతని దగ్గరే దొరుకుతుంది. రోమ్‌లో మనకు పరిచయమయ్యే మాడిసన్ అనే అమ్మాయి ప్రాణమా, మ్యూజియంలో బాంబు పేలకుండా ఆపడమా అన్నది తేల్చుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు. నాకు బాగా నచ్చిందేమిటంటే, మనకు సాయపడేవాళ్లతో స్నేహంగా ఉంటే ఒక లాభం, వాళ్లకు మనమంటే గిట్టకపోతే ఇంకో రకం లాభం. అందరి దగ్గరా మంచి అనిపించుకోవాలన్న బాధ లేదు కాబట్టి మనం అనుకున్న మనిషిగానే ఉండొచ్చు.

సీక్వెల్ ఆలోచన లేదని సెగా 2010లోనే చెప్పేసింది. అబ్సిడియన్ 2018లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. పాత పేరు ఒకరి దగ్గర, పాత టీమ్ ఇంకొకరి దగ్గర. నాకు భయం ఇక్కడే. 2004 నాటి వాంపైర్ బ్లడ్‌లైన్స్ అనే ఆర్‌పీజీ కూడా ఇలాగే లోపాలతో వచ్చి అభిమానం సంపాదించుకుంది. దాన్ని చేసిన ట్రోయికా స్టూడియో మరుసటి ఏడాదే మూతపడింది. వేరే స్టూడియో చేసిన రెండో భాగం 2025లో వచ్చింది. చూడటానికి బాగానే ఉంది గానీ పాత అభిమానులు ప్రాణంగా చూసుకున్న ఆర్‌పీజీ భాగమే పలచబడిపోయింది. ఆల్ఫా ప్రోటోకాల్‌ను కూడా నున్నటి షూటింగ్ గేమ్‌గా మార్చి తెస్తే నాకొద్దు. ఆ టైమర్, ఆ పర్యవసానాలు ఉండాలి. నిడివి కూడా పెంచకూడదు. గేమ్ చిన్నది కాబట్టే వేరే నిర్ణయాలతో మళ్లీ ఆడాలనిపిస్తుంది.

మీరింకా ఆడకపోతే 2024 నుంచి జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో మళ్లీ దొరుకుతోంది. పీసీలోనే అయినా కంట్రోలర్‌తో ఆడండి, పాయింట్లు పిస్టల్‌కూ చాటుగా కదిలే విద్యకూ పెట్టండి. పిస్టల్‌లో కాలాన్ని ఆపి వరసగా గురిపెట్టే చెయిన్ షాట్ ఉంటే బ్రేకో దగ్గర నాలా అవస్థ పడరు.