అరుదైన జన్యువ్యాధుల పరిశోధన: ముందు జన్యుశాస్త్రం, ఆ తర్వాతే కోడింగ్

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉంది. అరుదైన జన్యువ్యాధుల మీద బయోఇన్ఫర్మాటిక్స్ (జీవ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం) పరిశోధన చేస్తానంటోంది. కోడింగ్ పెద్దగా రాదు. లక్షన్నర కడితే ఆరు నెలల్లో అన్నీ నేర్పి ఉద్యోగం చూపిస్తామని ఒక శిక్షణ సంస్థవారు చెబుతున్నారు. బంధువులు మాత్రం సాఫ్ట్‌వేర్ వైపు పంపమంటున్నారు. ఈ రంగంలో అసలు పని ఏముంటుంది? స్థిరపడటానికి ఎంత కాలం పడుతుంది?
– ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: ఆ లక్షన్నర ఇప్పుడే కట్టవద్దని మొదట చెబుతున్నాను. ఈ వృత్తిలో కష్టమైన భాగం ఆరు నెలల శిక్షణలో వచ్చేది కాదు. ఆరు నెలల్లో వచ్చే భాగాన్ని మీ అమ్మాయి డబ్బు కట్టకుండానే నేర్చుకోగలదు.

పని ఎలా ఉంటుందో చూద్దాం. మనిషి జన్యుక్రమంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఎవరి క్రమాన్ని తీసుకున్నా, ప్రామాణిక క్రమంతో పోల్చినప్పుడు 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే ఎక్సోమ్ భాగాన్ని మాత్రమే చదివించినా తేడాలు ఇరవై వేలు దాటుతాయి. మూర్ఛలతో, ఎదుగుదల లోపంతో బాధపడుతున్న ఒక బిడ్డ నమూనా వచ్చిందనుకోండి. ఇన్ని వేల తేడాల్లో ఆ బిడ్డ జబ్బుకు కారణమైన ఒకటి రెండింటిని పట్టుకోవడమే ఈ పరిశోధకుల పని. జన్యుక్రమాన్ని చదివే యంత్రం ఇచ్చిన ముడి ఫైళ్లను (ఫాస్ట్‌క్యూ) బీడబ్ల్యూఏ వంటి సాధనంతో ప్రామాణిక క్రమం మీద అమర్చి, జీఏటీకే అనే మరో సాధనంతో తేడాలను గుర్తించి, ఆ తేడాల జాబితా అయిన వీసీఎఫ్ ఫైలు తయారుచేయడం వరకు మార్గం దాదాపు స్థిరపడిపోయింది. శ్రద్ధ ఉన్న విద్యార్థికి ఇది కొద్ది నెలల సాధన. అసలు ఆలోచన ఆ ఫైలు చేతికొచ్చాక మొదలవుతుంది.

మన ప్రాంతంలో ఆ ఆలోచనకు ఒక ప్రత్యేకత ఉంది. మేనరికాలు, ఒకే కులంలో తరతరాలుగా జరిగే పెళ్లిళ్లు ఇక్కడ ఎక్కువ. మేనమామను పెళ్లాడిన తల్లికి పుట్టిన బిడ్డలో సగటున జన్యుక్రమంలోని ఎనిమిదో వంతు, మేనబావను పెళ్లాడిన తల్లి బిడ్డలో పదహారో వంతు, ఒకే పూర్వీకుల నుంచి రెండు వైపులా ఒకేలా వచ్చి ఉంటుంది. తల్లిలోనూ తండ్రిలోనూ చెరొక మంచి ప్రతి ఉండటం వల్ల దాగి ఉన్న లోపం, అటువంటి భాగంలో జంటగా చేరి బయటపడుతుంది. అందువల్ల మన కుటుంబాల విశ్లేషణలో మొదట ఆ ఒకేలాంటి భాగాలను వెతుకుతారు. వంశవృక్షాన్ని సరిగా రాబట్టడం, దానిని లెక్కతో కలిపి చదవడం తెలిసినవారికి ఇక్కడ నిజమైన విలువ ఉంది. తెలుగు వైశ్య సముదాయంలో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ లోపం ఎక్కువగా కనిపించడం దీనికి బాగా అధ్యయనం చేసిన ఉదాహరణ. ఆ లోపం ఉన్నవారికి శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే కండరాలు చాలాసేపు పనిచేయకుండా ఉండిపోతాయి. ముందే తెలిస్తే మత్తు వైద్యులు మరొక మందు వాడుతారు.

ఇంకొక సమస్య సమాచార నిధులది. ఒక తేడా అరుదైనదా కాదా అని చూడటానికి ప్రపంచమంతా నోమాడ్ వంటి జన్యు సమాచార నిధుల మీద ఆధారపడుతుంది. వాటిలో మన సముదాయాల వాటా తక్కువ. అక్కడ అరుదుగా కనిపించేది మన ఒక సముదాయంలో మామూలు విషయం కావచ్చు, అప్పుడు హాని లేని తేడా జబ్బుకు కారణంగా పొరబడే ప్రమాదం ఉంది. 1,029 మంది జన్యుక్రమాలతో కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ చేపట్టిన ఇండిజెన్, దాదాపు 10 వేల మంది సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చిన జీనోమ్ ఇండియా ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. పూడ్చవలసింది ఇంకా ఎంతో ఉంది కనుకనే ఈ రంగంలో మీ అమ్మాయి తరానికి చోటు ఉందని నమ్ముతున్నాను.

తేల్చిన ఫలితం మీద కుటుంబాల నిర్ణయాలు నిలుస్తాయి. ఒకే దాగిన లోపాన్ని ఇద్దరూ మోసే దంపతులకు ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కారణమైన తేడా తెలిస్తేనే గర్భస్థ పరీక్ష సాధ్యమవుతుంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద నిర్దేశిత వ్యాధులకు చికిత్స సాయం పొందాలన్నా ముందు నిర్ధారణ ఉండాలి. అందుకే ప్రతి తేడాను అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంఘం (ఏసీఎంజీ) 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం హాని లేనిది మొదలుకొని జబ్బు కారకం వరకు ఐదు తరగతుల్లో ఒకదానిలో ఉంచుతారు. మధ్యలో ఉన్న ‘ప్రాముఖ్యం తేలనిది’ అన్న తరగతిని నిజాయితీగా రాయగలగడం ఈ వృత్తిలో పెద్ద గుణం. ఎక్సోమ్ పరీక్షలో సగానికి పైగా కుటుంబాలకు మొదటిసారి జవాబు దొరకదు. కొత్త జన్యువుల సంగతి బయటపడ్డాక పాత ఫైళ్లనే తిరిగి విశ్లేషిస్తే కొందరికి దొరుకుతుంది. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉందో లేదో మార్కుల జాబితా చెప్పదు.

చదువు విషయానికొస్తే, బీఎస్సీ తర్వాత జన్యుశాస్త్రం పునాదిగా ఉన్న ఎమ్మెస్సీ మంచిదని నా అభిప్రాయం. ఉస్మానియాలో జన్యుశాస్త్ర విభాగం ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతు ఉన్న పీజీ సీట్లకు గాట్-బి, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఎమ్మెస్సీలోనే గణాంకశాస్త్రం, లినక్స్ వ్యవస్థ, పైథాన్, ఆర్ అనే కోడింగ్ భాషలు పట్టుదలగా నేర్చుకోవాలి. జీవశాస్త్ర విద్యార్థులు కోడింగ్‌కన్నా గణాంకాలనే ఎక్కువగా తప్పించుకుంటారు, ఆ లోటు తర్వాత బాధిస్తుంది. పరిశోధకురాలిగా స్వతంత్రంగా నిలవాలంటే పీహెచ్‌డీ తప్పదు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే కేంద్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. సీడీఎఫ్‌డీ నిమ్స్ ఆసుపత్రితో కలిసి అరుదైన వ్యాధులకు కేంద్రం గుర్తించిన ఉత్తమ కేంద్రంగా పనిచేస్తోంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. నెట్ అనే జాతీయ పరీక్ష ద్వారా జూనియర్ పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరుగా ఉంటాయి. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆపై పోస్ట్‌డాక్టరల్ శిక్షణ కలుపుకుంటే స్థిరమైన శాస్త్రవేత్త ఉద్యోగానికి నేటి నుంచి పదేళ్లు అనుకోండి. అప్పటికి ఆమె వయసు ముప్పై దాటుతుంది. పెళ్లి గురించి, ఇంటి ఖర్చుల గురించి ఇప్పుడే ఆమెతో కూర్చుని మాట్లాడటం మంచిది. అంత కాలం వీలుకాకపోతే, ఎమ్మెస్సీతోనే జన్యు పరీక్షల సంస్థల్లో తేడాల విశ్లేషకురాలిగా చేరవచ్చు. ఆ పని కూడా రోగులకు నేరుగా ఉపయోగపడేదే.

సాఫ్ట్‌వేర్ వైపు పంపాలా అన్నది ఒక పరీక్ష తర్వాత నిర్ణయించండి. వివిధ దేశాలవారి జన్యుక్రమాలను చదివిన ‘వెయ్యి జన్యుక్రమాల ప్రాజెక్టు’ సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. గెలాక్సీ అనే ఆన్‌లైన్ సర్వర్‌లో మామూలు ల్యాప్‌టాప్‌తోనే విశ్లేషణ నడుస్తుంది. ఒక నమూనాను మొదటి నుంచి వీసీఎఫ్ వరకు తీసుకెళ్లమని, ఆపై అందులోని పది తేడాలను ఎంచుకొని, తేడాలకూ జబ్బులకూ ఉన్న సంబంధాన్ని నమోదుచేసే క్లిన్‌వార్ సమాచార నిధిలోనూ పరిశోధన పత్రాల్లోనూ వాటి గురించి ఏముందో చదివి, ఒక్కొక్కదాని మీద తన తీర్పును కారణాలతో సహా ఒక పేజీలో రాయమని చెప్పండి. మూడు నెలలు చాలు. ఫైలు తయారుచేయడం నచ్చి ఆ పది పేజీలు భారమనిపిస్తే, మీ బంధువుల మాటలో బలముంది. ఆ పేజీలు రాసేటప్పుడే ఆమెకు కాలం తెలియకపోతే, ఈ ఏడాదే గాట్-బికి దరఖాస్తు చేయించండి.