సమాధానం: రోజ్ బర్డ్ పదవి ఎలా పోయింది?

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌ను అభిశంసించారా, ఆమే రాజీనామా చేశారా అని మీ అసైన్‌మెంట్ కోసం అడిగారు. రెండూ కాదండీ, జనమే ఓటేసి దించేశారు.

అక్కడ గవర్నర్ నియమించిన జడ్జి తర్వాతి గవర్నర్ ఎన్నికలప్పుడు ప్రజల ముందుకు రావాలి. ప్రత్యర్థి ఉండరు. బ్యాలెట్ మీద ఆ జడ్జి పేరు, పదవిలో కొనసాగాలా అన్నదానికి పక్కన 'అవును', 'కాదు', అంతే. మన హైకోర్టు జడ్జిలా 62 ఏళ్లదాకా ఢోకా లేదనుకోవడానికి వీల్లేదు.

1977లో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ నియమించేనాటికి రోజ్ బర్డ్‌కు జడ్జిగా అనుభవం లేదు. పబ్లిక్ డిఫెండర్‌గా (లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాదిగా) చేసి, వ్యవసాయ శాఖ చూసే కార్యదర్శి అయ్యారు. కూలీలను రోజంతా నడుం వంచి పనిచేయించే పొట్టిపిడి పారను 1975లో నిషేధించింది ఆమె హయాంలోనే. ఇది తప్పక రాయండి, పెద్ద భూస్వాములు ఆమెకు ఎదురుతిరగడం అర్థమవుతుంది.

1978 ఓటింగ్‌లో బొటాబొటిగా గట్టెక్కారు. తన ముందుకొచ్చిన ప్రతి మరణశిక్షనూ రద్దు చేయాలన్నారు. 1986లో మళ్లీ ఓటుకు వచ్చినప్పుడు ప్రచారమంతా దాని చుట్టూనే తిరిగింది. మూడింట రెండొంతుల మంది 'కాదు' అన్నారు. ఆమెతోపాటు అదే కోర్టు న్యాయమూర్తులు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్ కూడా పదవులు పోగొట్టుకున్నారు. నాకు వాళ్లిద్దరి విషయంలోనే ఎక్కువ అన్యాయం కనిపిస్తుంది.

అసైన్‌మెంట్‌లో ఈ 'అవును', 'కాదు' ఓటింగ్‌ను 'రిటెన్షన్ ఎలక్షన్' అనే రాయండి. టెక్సస్‌లో జడ్జీలు పార్టీల తరఫున పోటీచేసే ఎన్నికతో కలపకండి.