వాచ్‌మన్ చేతిలో గ్రీజు డబ్బా

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే 5 హార్స్‌పవర్ మోనోబ్లాక్ (పంపు, మోటారు ఒకటిగా ఉండే) మోటారుకు ఏడాదిలో రెండుసార్లు బేరింగులు మార్చాం. వాచ్‌మన్ ప్రతి ఆదివారం గ్రీజు పెడుతూనే ఉన్నాడు. అయినా మళ్ళీ కూత మొదలైంది. ఇంకా మంచి గ్రీజు వాడాలా? ఫైర్ పంపు మోటారుకూ పెట్టించాలా?
– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, కృష్ణరాజపురం, బెంగళూరు

జవాబు: ముందు ఆ డబ్బా మూసి పక్కన పెట్టించండి. అతని శ్రద్ధను తప్పుపట్టను. కానీ పీణ్య పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్ళుగా మోటార్లు విప్పుతున్నాను. గ్రీజు చాలక పోయిన బేరింగుల కంటే నీళ్ళు తాగి పోయినవే నా బల్ల మీదికి ఎక్కువ వచ్చాయి.

ఈ సైజు మోటార్లలో సాధారణంగా మూతలున్న బేరింగులే ఉంటాయి. పాతది పారేయకపోతే దాని అంచు చూడండి. 6206 లాంటి అంకె, పక్కన జెడ్‌జెడ్ అనో టూ ఆర్‌ఎస్ అనో ఉంటుంది. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే షాఫ్టు పట్టే రంధ్రం కొలత, అంటే 30 మిల్లీమీటర్లు. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత, టూ ఆర్‌ఎస్ అంటే రబ్బరు మూత. తయారీలో నింపిన గ్రీజే దానికి జీవితాంతం. మీ వాచ్‌మన్ ఫ్యాను మూత విప్పి షాఫ్టు చుట్టూ పూస్తున్నది దుమ్ము పోగేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మరి కూత ఎక్కడిది? పంపుకూ మోటారుకూ నడుమ, షాఫ్టు కింద చూడండి. అక్కడ తడి, తుప్పు రంగు చార కనిపిస్తే దొంగ దొరికినట్టే. పంపు మెకానికల్ సీలు, అంటే షాఫ్టు వెంట నీళ్ళు బయటికి రాకుండా ఆపే భాగం, కారుతోంది. ఆ నీరు షాఫ్టు వెంట పాకి పంపు వైపు బేరింగులోకి చేరుతుంది. నీటిని విసిరికొట్టడానికి షాఫ్టు మీద ఒక రబ్బరు రింగు ఉంటుంది. మోటారు విప్పినవాళ్ళు దాన్ని తిరిగి వేయడం మరిచిపోవడం మామూలే. సీలు మార్చకుండా బేరింగు మార్చడమంటే కప్పు కారుతుంటే పరుపు మార్చుకున్నట్టే.

అనుమానం తీరాలంటే మోటారు నడుస్తుండగా పెద్ద స్క్రూడ్రైవర్ మొనను బేరింగు ఉన్నచోట బాడీకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకోండి. ఫ్యాను, షాఫ్టు జోలికి పోవద్దు. మంచి బేరింగు సన్నగా హోరుమంటుంది. పోయినది కంకర నమిలినట్టు వినిపిస్తుంది.

బిగించే మనిషి మీద కూడా ఒక కన్నేయండి. బయటి రింగు మీద సుత్తితో కొట్టి షాఫ్టుకు ఎక్కిస్తే దెబ్బంతా లోపలి గుండ్ల మీదుగా పోయి అవి దొర్లే దారిలో గుంటలు పడతాయి. కొత్త బేరింగు ఆ రోజే సగం పాతదైపోతుంది. లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్క పెట్టి దించాలి. గ్యాసు మంట చూపిస్తే వెంటనే ఆపించండి, మూతలున్న బేరింగును 80 డిగ్రీలు దాటి వేడి చేయకూడదు.

బోరు మోటారు సంగతి మీరు అడగలేదు. మోటారు లోపల నీళ్ళు నింపే రకమైతే దానికి గ్రీజే అక్కర్లేదు, షాఫ్టు తిరిగే బుష్షులకు ఆ నీరే నూనెలా పనిచేస్తుంది.

ఇక ఫైర్ పంపు. ఆ పెద్ద మోటారుకు గ్రీజు నిప్పిల్ (గన్నుతో గ్రీజు ఎక్కించే మొన) ఉంటే పెట్టాల్సిందే, అయితే కొలిచి పెట్టాలి. బేరింగు బయటి వ్యాసాన్నీ వెడల్పునూ మిల్లీమీటర్లలో గుణించి, దాన్ని 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 6309 అయితే 100, 25 కొలతలు కాబట్టి పన్నెండున్నర గ్రాములు. గ్రీజు గన్నుతో పది నొక్కులు కాగితం మీద వేసి వంటింటి కాటాలో తూచండి, ఒక నొక్కుకు ఎంతో తెలిసిపోతుంది. కింది ప్లగ్గు విప్పి పెట్టించి, కాసేపు నడిపాకే బిగించండి. ఎక్కువైతే గుండ్లు గ్రీజును చిలికి వేడెక్కుతాయి, మిగిలింది వైండింగు మీదికి పోతుంది. లోపల లిథియం గ్రీజు ఉంటే పాలీయూరియా రకం కలపకండి, రెండూ కలిస్తే పలచబడి కారిపోవచ్చు.

అన్నట్టు, పక్కన సంపు మోటారు అదురుతుంటే కదలకుండా కూర్చున్న ఈ ఫైర్ పంపు మోటారు బేరింగులో గుండ్లు ఒకేచోట అచ్చు వేస్తాయి. వారానికొకసారి దాన్ని నడిపించాలి. వాచ్‌మన్‌కు ఆదివారం ఆ పని అప్పగించండి.