రాష్ట్రం గ్రేడు చూసి బిడ్డను హాస్టల్లో వేస్తారా?

ప్రశ్న: మా బాబు దేవరకొండ దగ్గర జెడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. కేంద్రం ఇచ్చే చదువుల గ్రేడుల్లో మన రాష్ట్రం వెనకబడిందని పేపర్లో చదివాను. ఎనిమిదికి హైదరాబాద్‌లో ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో వేయాలా, ఇక్కడే ఉంచాలా?

జవాబు: అన్నా, ఎండాకాలం దగ్గరపడితే చాలు, నల్లగొండ నుంచీ కల్వకుర్తి నుంచీ ఇదే ప్రశ్న. అడిగేది గ్రేడు గురించే అయినా భయం వేరే ఉంది: పల్లె బడిలో ఉంచి బిడ్డకు అన్యాయం చేస్తున్నానేమో అని. చేయడం లేదు. ముందు ఆ బరువు దించుకోండి.

మీరు చదివింది పర్ఫార్మెన్స్ గ్రేడింగ్ ఇండెక్స్ గురించి. అది రాష్ట్రానికి వేసే మార్కు, మీ బడికి కాదు. మొత్తం 1000 పాయింట్లలో పిల్లల అభ్యసనానికి, నాణ్యతకు 240. మిగతావి వసతులు, సమానత్వం, పాలన, టీచర్ల శిక్షణ వంటివాటికి. 2023-24లో అందరికన్నా ముందున్న చండీగఢ్‌కే 703 వచ్చాయి. మీ లెక్కల సారు పాఠం ఎలా చెప్తారో ఆ అంకెలో కనబడదు.

మీ బడి సంగతి యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడండి. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. టీచర్లెందరు, పిల్లలెందరు, గదులెన్ని, అన్నీ దొరుకుతాయి. బడివాళ్లే నింపే వివరాలు కాబట్టి వెళ్లి కళ్లారా సరిచూసుకోండి.

ఇక ఫౌండేషన్. దాని మీద నాకు గట్టి అనుమానమే ఉంది. భిన్నాలే పట్టుబడని పిల్లాడితో ఇంటర్ సూత్రాలు బట్టీ పట్టిస్తే పునాది ఎట్లా పడుతుంది? చాలాచోట్ల పిల్లలను సెక్షన్లుగా విడదీస్తారు, మంచి టీచర్లు పై సెక్షన్‌కు పోతారు, ఫీజు మాత్రం కింది సెక్షన్ వాళ్లూ కడతారు. ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ఫొటోలే ఉంటాయి. రాష్ట్రాలకు వచ్చిన తక్కువ గ్రేడులను కేంద్ర ప్రభుత్వమైనా బయటపెడుతోంది. మీరు చూసిన సంస్థ కింది సెక్షన్ ఫలితాలు మీకు చూపించిందా? చూపించమని అడిగారా?

కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. పేపర్లో గ్రేడు చదివిన మీరు ఈ ఏడాది బడికి ఎన్నిసార్లు వెళ్లారు? వాడి లెక్కల నోటుబుక్కు తిరగేశారా? ఇల్లు వదిలి పోవడం వాడికి ఇష్టమేనా? మీ ఉత్తరంలో వాడి మాట ఒక్కటీ లేదు.

బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి ఫలితంతోనే వస్తుంది, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ కూడా ఉంది. మీ బడిలో లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే బడి బాగోగులు చూసే తల్లుల కమిటీ, అదే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తరఫున ఎంఈఓకు (మండల విద్యాధికారికి) అర్జీ ఇవ్వండి. అప్పటికీ సారు రాకపోతే ప్రభుత్వ మోడల్ స్కూల్లో ఎనిమిదో తరగతి ఖాళీలకు పరీక్ష రాయించండి. హాస్టల్ అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకండి.